మంచం కింది దిండ్లు

1957 ఫిబ్రవరి 4, సోమవారం

ఎట్టకేలకు కమిటీ ఒప్పుకుంది. ఆరు మంచాల గదికి ఆనుకొని ఉన్న గుడ్డల కొట్టు ఖాళీ చేసి నాకొక మంచం వేశారు. జబ్బు ముదిరిన వాళ్ళందరినీ పెట్టేది ఆ ఆరు మంచాల గదిలోనే. ఇకనుంచి రాత్రిళ్ళు వాళ్ళకు గోడ అవతలే డాక్టరు ఉంటాడు. మద్రాసులో నేను చదివిన చోట ఇది వింత కాదు. ఈ మిషన్ ఆస్పత్రిలో మాత్రం దీనికోసం ఏడాదిపాటు పోట్లాడవలసి వచ్చింది. రాత్రికి నర్సమ్మ విశ్వాసమ్మ ఉంది కదా, అవసరమైతే కబురు చేస్తుంది కదా అంటారు. కబురు అంది, నేను చొక్కా తొడుక్కుని, చర్చి వెనక ఇంటినుంచి వంక దాటి వచ్చేలోగా ఎందరు పోయారో నాకు తెలుసు. కమిటీ పెద్దలకు తెలియదు. వాళ్ళు రాత్రిళ్ళు హాయిగా నిద్రపోతారు.

ఏసుమణి దుప్పటి, మంచినీళ్ళ చెంబు సర్ది ఇచ్చింది. "కాపురం ఆస్పత్రికి మార్చినారు, పెండ్లాన్ని మాత్రం ఈడే మర్చిపోయినారు" అని నవ్వింది. వంక దాకా సాగనంపింది. తిరిగి వెళ్తూ గట్టు ఎక్కడానికి రెండుసార్లు ఆగింది. ఈ రోజు ఉపవాసం ఉంది, అందుకే అయి ఉంటుంది.

ఫిబ్రవరి 9

ఉరుకుందప్ప అని పొలం పని చేసుకునే మనిషి. న్యుమోనియా. పెన్సిలిన్ మొదలుపెట్టాక జ్వరం దిగుముఖం పట్టింది. రాత్రి ఒకసారి నాడి చూద్దామని లాంతరు పట్టుకొని వెళ్ళాను. మంచం కింద పడుకున్న అతని అన్న ఈరప్ప లేచి కూర్చున్నాడు. నన్ను చూశాడు, తమ్ముణ్ణి చూశాడు, బయటికి పోయాడు. నేను నా గదికి వచ్చి నడుం వాల్చానో లేదో బండి చప్పుడు.

పరుగెత్తి వెళ్ళేసరికి తమ్ముణ్ణి దుప్పట్లో చుట్టి బండి ఎక్కిస్తున్నాడు. బాగుపడుతున్నాడయ్యా, ఎక్కడికి తీసుకుపోతావని అరిచాను.

"పగలొచ్చి చూసినావు, సరే. మళ్ళా నిద్ర లేచి నడిరేతిరి వచ్చినావంటే ఇంక ఏముండాది సామీ" అన్నాడు. "బయట పోయిన మనిషిని మా ఊర్లోకి రానీయరు. ఊపిరుండంగనే ఇల్లు చేరుస్తాం."

అతని మెడ పట్టి ఆపుదామనుకున్నాను. విశ్వాసమ్మ నా చెయ్యి పట్టుకుంది.

ఫిబ్రవరి 11

ఉరుకుందప్ప ఊరి పొలిమేరలో పోయాడట. చలిగాలిలో, ఆ గతుకుల బాటలో. జబ్బుతో పోలేదు. నేను చూడబోయినందుకు పోయాడు.

ఈరప్పకు నామీద కోపం లేదట. పైపెచ్చు, డాక్టరు ముందుగా తెలియజేశాడు, మంచివాడు అంటున్నాడట.

ఫిబ్రవరి 16

నాకు పేరు పెట్టేశారు. రాత్రి డాక్టరు. పాలమ్మే ఆమె దగ్గరనుంచి రైలు స్టేషను కూలీల దాకా అదే మాట. రాత్రి డాక్టరు ఎవరి మంచం దగ్గర నిలబడితే వాళ్ళ ఇంట్లో ఏడుపు ఖాయమట.

ఇప్పుడు రోగులు రాత్రి నొప్పి వచ్చినా నోరెత్తడం లేదు. నిన్న ఒకామె దగ్గు తెర వస్తే కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు వినపడకూడదని. తెల్లారి చూస్తే కొంగుమీద నెత్తురు. పక్క గదిలో డాక్టరు ఉంటే ధైర్యంగా ఉంటారని కమిటీ ముందు ఎంత ఊదరగొట్టాను.

ఫిబ్రవరి 21

ఈ పిచ్చి వదిలించాలంటే బాగుపడిన వాళ్ళ దగ్గర రాత్రి కూర్చోవాలి అని నిన్న నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. గిడ్డమ్మ అనే ముసలామె ఉంది. నెత్తుటి విరేచనాలతో వచ్చింది, పూర్తిగా నయమైంది, రేపో మాపో ఇంటికి పోతుంది. రాత్రి స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. మిరపకాయల ధర అడిగాను. కోడలు ఎలా చూస్తుందని అడిగాను.

అన్నిటికీ వణుకుతూ జవాబు చెప్పింది. చివరికి నా చెయ్యి పట్టుకుని, "నాకేమైనాదో చెప్పు నాయనా, తట్టుకుంటా" అంది. ఏమీ కాలేదవ్వా అన్నాను. "అంతేలే, చెప్పరు" అని గోడవైపు తిరిగి పడుకుంది.

తెల్లవారితే మంచం ఖాళీ. ఇత్తడి చెంబు కూడా వదిలేసి పోయింది. ఈ రోజు సంతలో కూర్చుని మిరపకాయలు అమ్ముతూ, రాత్రి డాక్టరు నుంచి ఎలా తప్పించుకుందో వచ్చిన వాళ్ళందరికీ చెబుతోందట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏసుమణికి చెబితే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నవ్వాక చాలాసేపు ఆయాసపడింది.

ఫిబ్రవరి 27

ఈ రాత్రి ఎవరి దగ్గరికీ పోలేదు. ఎవరూ చనిపోలేదు. దీన్నిబట్టి నేను ఏమనుకోవాలి.

మార్చి 6

ఏసుమణి పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడింది. ఎన్నాళ్ళ నుంచి అంటే తల వంచుకుంది. వారం నుంచి రాత్రిళ్ళు ఊపిరాడక లేచి కిటికీ దగ్గర కూర్చుంటోందట. ఇంట్లో ఒక్కతే. నేను వంక అవతల ఊళ్ళోవాళ్ళ ప్రాణాలు కాపాడుతున్నాను.

చిన్నతనంలో వచ్చిన కీళ్ళ జ్వరం ఆమె గుండెలో ఒక కవాటాన్ని ఇరుకు చేసింది. పెళ్ళయిన ఏడాది నుంచి ఆ చప్పుడు నాకు తెలుసు. పిల్లలు వద్దన్నది కూడా అందుకే. కవాటాన్ని వెడల్పు చేసే ఆపరేషను మద్రాసులో ఈమధ్యే మొదలుపెట్టారు. అడిగాను. జూన్‌లో చేస్తామన్నారు. జూన్ దాకా నెట్టుకొస్తే చాలు. నెట్టుకొస్తాను. గుండె జబ్బులే కదా నేను చదివింది.

మార్చి 8

ఆరు మంచాల గదిలో కిటికీ పక్క మంచం ఇచ్చాను. అడ్డంగా ఒక తెర కట్టించాను. సాయంత్రం నేను వెళ్ళబోతుంటే కొంగు సవరించుకుని కూర్చుంది.

"ఒకటి అడుగుతా, కాదనొద్దు. రాత్రిపూట మీరు నా మంచం కాడికి రావొద్దు."

"నేను డాక్టరు ఒక్కటేనా, నీ మొగుణ్ణి కూడా" అన్నాను.

"వాళ్ళకు ఆ తేడా యాడ తెలుస్తాది? మీరొచ్చి నా పక్కన కూర్చుంటే ఈ గదిలో అందురూ నన్ను చూసే చూపు మారిపోతాది. ఉరుకుందప్పను చూసినట్ల చూస్తారు. నేను తట్టుకోలేను."

నువ్వు కూడా నమ్ముతున్నావా అని కోపంగా అడిగాను. ఆమె తండ్రి కమలాపురంలో బడిపంతులు. ఆమె కూడా చదువుకున్న మనిషి.

"నమ్మను" అంది. కిటికీ వైపు తిరిగి, "పగలు నమ్మను" అంది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. దీపం తగ్గించే ముందు అందరి మంచాల పక్కనుంచి నడుస్తూ ఆమె మంచం పక్కగా కూడా నడుస్తాను. ఆగను. లాంతరు ఎత్తను.

మార్చి 10

ఒక్క దిండు మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. దేవునికి స్తోత్రం.

గుండె ఓడిపోతున్న మనిషి వెల్లకిలా పడుకోలేడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఊపిరి ఆడదు. దిండ్లు ఎత్తుగా పేర్చుకుని, వాటికి ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు. ఎన్ని దిండ్లు అని అడగడం మాకు మొదట నేర్పిన పాఠం. ఒక దిండు అంటే భయం లేదు.

మార్చి 13

ఒకటే దిండు.

మార్చి 18

ఒక దిండు. ప్రశాంతంగా పడుకుంది. పగలు వింటే ఊపిరితిత్తుల అడుగున తడి చప్పుడు కొంచెం పెరిగినట్టు తోచింది. నీరు తీసే ఇంజెక్షను ఎక్కువసార్లు ఇద్దామా అనుకున్నాను. అది పాదరసపు మందు, మూత్రపిండాలను కొరుకుతుంది. వెల్లకిలా పడుకోగలుగుతున్న మనిషికి అంత అవసరం లేదు. రాత్రిళ్ళు సరిగా నిద్రలేక నా చెవులే మొద్దుబారి ఉంటాయి. ఇంజెక్షను వారానికి ఒకటే ఉంచాను.

పాదాల వాపు అలాగే ఉంది. ఎండలు ముదిరాయి కదా.

మార్చి 23

ఆక్సిజన్ సిలిండరు కోసం కర్నూలు వెళ్ళివచ్చాను. ఉన్న ఒక్కటీ అయిపోవచ్చింది. అమ్మే ఆయన ప్రభుత్వ ఆఫీసుల వెంట తానూ హైదరాబాదు తరలిపోయాడట. రాజధాని పోయిన ఊళ్ళో సగం వీధికి తాళాలే. తుంగభద్ర ఇసకలో కాసేపు కూర్చుని ఖాళీ చేతులతో బస్సెక్కాను. దారంతా లెక్కలు వేసుకున్నాను. సిలిండరు అవసరం పడదు. ఒక దిండు మీద నిద్రపోతోంది.

మార్చి 28

పగలంతా మగతగా ఉంటోంది. గంజి తాగుతూ తాగుతూ కునుకుతుంది. రాత్రి అంత బాగా నిద్రపోయే మనిషికి పగలు ఇంత నిద్ర ఎందుకని విశ్వాసమ్మను అడిగాను. ఆమె సూదులు మరగబెడుతూ తల ఎత్తలేదు.

"ఎండలు సార్" అంది.

ఆమె కూడా నాలాగే మాట్లాడుతోంది.

మార్చి 30

పక్క మంచంలోకి నాగన్న అనే అతను వచ్చాడు. జిన్నింగు మిల్లులో కూలి. టైఫాయిడు. అతని భార్య హంపమ్మ నన్ను చూడగానే, "మీరు పగలు డాక్టరా, రేత్రి డాక్టరా" అని అడిగింది. ఏసుమణి తెర అవతలనుంచి, "రెండూ ఆయనే, భయపడొద్దులే" అంది.

ఒక దిండు.

ఏప్రిల్ 2

ఇది రాయడం అవసరం. రాయకపోతే రేపు నాకు నేనే ఏదో ఒకటి చెప్పుకుంటాను.

రాత్రి అందరినీ చూసి వచ్చాక, లాంతరు నాగన్న మంచం దగ్గర మరచిపోయానని గుర్తొచ్చింది. చెప్పులు విప్పేసి ఉన్నాను. వట్టి కాళ్ళతో వెళ్ళాను. తెర సందులోంచి కనిపించింది. ఏసుమణి మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్ళో మూడు దిండ్లు ఒకదానిమీద ఒకటి. వాటిని రెండు చేతులతో వాటేసుకుని, ముందుకు వంగి, నోరు తెరిచి గాలి పీలుస్తోంది. విశ్వాసమ్మ వెనక నిలబడి వీపు నిమురుతోంది. పెదవులు నల్లగా ఉన్నాయి.

నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చాను. ఎందుకు లోపలికి వెళ్ళలేదో నాకు తెలియదు. మాట ఇచ్చాననా. భయమనా. కాసేపటికి విశ్వాసమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. నన్ను చూసిందట.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వచ్చిన నాటి నుంచీ ఇంతే సార్. దిండ్లు మంచం కిందే ఉంటాయి. మీ చెప్పుల చప్పుడు వినపడంగనే కిందికి తోసేసి, గుక్క పట్టి, పండుకుంటాది. మీరు పోంగనే లేస్తాది. తెల్లార్లూ కూర్చునే ఉంటాది. చెప్తే తన మీద ఒట్టేనన్నాది."

"ఇన్నేళ్ళు నర్సుగా చేశావు, నీకైనా తెలియదా?"

"చెప్తే మీరొచ్చి ఆమె పక్కన కూర్చుంటారు. కూర్చుంటే ఆ తల్లి ఆశ వదిలేసుకుంటాది. ఏది మేలో నాకు తెలీలేదు సార్" అని ఏడ్చింది.

ఏప్రిల్ 3

ఇంజెక్షను ఇచ్చాను. ఎప్పటినుంచో రోజు విడిచి రోజు ఇవ్వవలసింది. నా చెవులు సరిగానే విన్నాయి. నేను చెవులను కాదని దిండును నమ్మాను.

నా దగ్గర ఎందుకు దాచావని అడిగాను. అరవలేదు. అరిచే ఓపిక లేదు.

"కొంత భయం" అంది. మాటకూ మాటకూ మధ్య గాలి కోసం ఆగుతోంది. "కొంత మీ మొహం కోసం. నేను ఒక దిండు మీద పండుకున్నప్పుడు మీ మొహం ఎట్లుంటాదో మీరు చూసుకున్నారా? పండగనాడు కొత్త చొక్కా తొడుక్కున్న పిల్లోని మాదిరి. ఇంక ఒక్కనాడు చూస్తాం, ఇంక ఒక్కనాడు అనుకుంటా వచ్చినా."

ఏప్రిల్ 5

ఇంజెక్షను పని చేయడం లేదు.

ఏప్రిల్ 6

ఇప్పుడు దిండ్లు దాచడం లేదు. నాలుగు. అయినా రాత్రి మాత్రం రావద్దంటుంది. గోడ ఇవతల కూర్చుని వింటున్నాను. గదిలో అంతమంది ఊపిరి తీస్తున్నా ఆమెది ఏదో గుర్తుపట్టగలను. సిలిండరు నిన్ననే అయిపోయింది. మద్రాసు తీసుకుపోదామంటే ఆదోని స్టేషను దాకా కూడా ఆమెను కదిలించలేను.

ప్రార్థన రావడం లేదు. మోకాళ్ళ మీద కూర్చుంటే ఉరుకుందప్ప బండి చప్పుడే వినిపిస్తుంది.

ఏప్రిల్ 8

విశ్వాసమ్మ వచ్చింది. "అమ్మ మిమ్మల్ని రమ్మంటాండాది సార్."

ఏప్రిల్ 12

ఆ రాత్రి సంగతి రాయాలి.

నేను గదిలో అడుగు పెట్టగానే మంచాల కింద పడుకున్న వాళ్ళంతా ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. ఒకతను బీడీ ఆర్పేశాడు. ఆడవాళ్ళు తలమీద కొంగు కప్పుకున్నారు. హంపమ్మ స్టూలు ఎత్తి తెచ్చి ఏసుమణి మంచం పక్కన వేసి, తెర పూర్తిగా తీసేసింది. నేను రాత్రిపూట వచ్చి నిలబడితే రోగికి ఏం కనబడుతుందో మొదటిసారి చూశాను.

"ఆ గొట్టం ఆడ పెట్టి రాండి" అంది ఏసుమణి. స్టెతస్కోపు తీసి విశ్వాసమ్మకు ఇచ్చాను. "స్టూలు వద్దు. ఈడ కూర్చోండి."

మంచం మీద ఆమె వెనక కూర్చున్నాను. దిండ్లు తీసెయ్యమంది. నామీద వాలింది. వీపు గుండా గుండె చప్పుడు నా ఛాతీకి తగులుతోంది. ఆ చప్పుడు గురించి నాకు తెలియనిది లేదు, ఒక్కటీ పనికిరాలేదు.

"మెత్తగా లేరు" అంది. తరువాత, "ముందే పిలవాల్సింది" అంది. ఇంకా ఏవో అంది. అవి నాకోసం అన్నవి, రాయను.

తెల్లవారకముందే పోయింది.

చర్చి వెనక సమాధుల తోటలో పెట్టాం. పెట్టెలో వెల్లకిలా పడుకోబెట్టి, తలకింద ఒక దిండు పెట్టారు. ఒక్కటే. నేను గట్టిగా అరిచానట. ఆ దిండు తీసెయ్యమన్నానట. నాకు గుర్తులేదు.

ఏప్రిల్ 14, మట్టల ఆదివారం

చర్చికి పోలేదు. పాస్టరుగారు వచ్చి, కొన్నాళ్ళు రాత్రి పని మానుకుని ఇంట్లో ఉండమన్నారు. రాత్రికి నర్సమ్మ ఉంది కదా అన్నారు.

నేను గోడ అవతల లేకపోతే ఆమె నడిరాత్రి మూలిగేది. విశ్వాసమ్మ నాకు కబురు చేసేది. వంక దాటి వచ్చేసరికి నాలుగు దిండ్ల మీద కూర్చున్న మనిషి కనిపించేది. చూసేవాణ్ణి, ఇంజెక్షను ఇచ్చేవాణ్ణి. జూన్ దాకా నెట్టుకొచ్చేవాళ్ళమేమో. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నా దగ్గర దాచింది. ఒక ఏడాది పోట్లాడి సంపాదించుకున్నాను ఆ పక్క గదిని.

ఏప్రిల్ 15

ఇంట్లో పడుకోలేను. కిటికీ దగ్గర ఆమె కూర్చునే పీట అలాగే ఉంది. మళ్ళీ గుడ్డల కొట్టుకే వచ్చాను. రోగుల కోసం రాలేదు. ఎవరి దగ్గరికీ పోను.

ఏప్రిల్ 17

నిన్న రాత్రి తలుపు చప్పుడైంది. హంపమ్మ. ఏమైందమ్మా అన్నాను. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మా ఆయన కాడ కొంచెంసేపు కూర్చుంటారా సారూ."

నాగన్నకు జ్వరం తగ్గి రెండు రోజులైంది. గండం గడిచింది. ఆ మాటే చెప్పాను. అతను బతుకుతాడు, నేను రావలసిన పని లేదు, నేను వస్తే అతను జడుసుకుంటాడు అన్నాను.

"ఆయనే రమ్మన్నాడు సారూ. ఆ పొద్దు ఆమె కాడ కూర్చున్న మాదిరి కూర్చుంటారేమో అడుగు అన్నాడు."

"అతను చావడం లేదమ్మా" అన్నాను. గొంతు పెరిగింది.

"చావకున్నా కూర్చోండి" అంది.

దీనికోసమా నేను మద్రాసులో అన్నేళ్ళు చదివింది అనుకున్నాను. స్టెతస్కోపు కోసం చెయ్యి చాచి, మళ్ళీ అక్కడే పెట్టేసి ఆమె వెంట వెళ్ళాను. ఎవరో స్టూలు తెచ్చి వేశారు. కిటికీ పక్క మంచంలో ఎవరో కొత్తామె పడుకుని ఉంది. అటు చూడలేదు. నేను వెళ్ళేలోపే నాగన్నకు నిద్ర పట్టేసింది. వెల్లకిలా పడుకుని, నోరు తెరుచుకుని, నెమ్మదిగా ఊపిరి తీస్తున్నాడు. తలకింద ఒక్క దిండు.

లాంతరు తీసుకుని, వంగి, మంచం కింద చూశాను. ఏమీ లేవు. మూల దాకా వెలుతురు పట్టి మళ్ళీ ఒకసారి చూశాను. లేచి స్టూలు మీద కూర్చున్నాను.